చేతుల పట్టీ

ఏడో వరస, పద్నాలుగో ఇల్లు. పెట్టె మార్పిడి చిట్టా.
రాసేది: ఇంటాయన మాలకొండయ్య.

రోజు 1

పాత సిస్టమ్‌కి ఇంకా నలభై రోజుల ఆయువుంది. కింద భూమ్మీద దాన్ని తయారుచేసిన కంపెనీ మూతబడింది. లైసెన్స్ పొడిగించే నాథుడు లేడు కాబట్టి నలభై ఒకటో రోజున ఇంటి పెట్టెలన్నీ వాటంతటవే బిగుసుకుపోతాయని పంచాయితీ బోర్డు పెట్టింది. ఆలోగా ప్రతి ఇల్లూ ఓపెన్ సోర్స్ సిస్టమ్ ఒకటి ఎంచుకోవాలి. కనీసం మూడింటిని వాడి చూడాలి. చూసిందంతా చిట్టాలో రాయాలి.

చిట్టాకి రెండు అరలు. పై అర పంచాయితీ చదువుతుంది, కింది అర ఇంటివాళ్ల సొంతం. పై అరలో "పెట్టె తొమ్మిదో రకం, మెమరీ సరిపడా ఉంది, దుమ్ము దులిపాను" అని రాసి ముగించాను. ఇది కింది అర.

మా ఇంట్లో గాలి ఫ్యాన్, నీటి వడపోత, తలుపులు, దీపాలు, పొయ్యి అన్నీ పెట్టె చెప్పినట్టు వింటాయి. పెట్టె నేను చెప్పినట్టు వింటుంది. వరసలో ఎవరి పెట్టె మొరాయించినా ముందు గుర్తొచ్చేది నేనే. మా తాతలు చీమకుర్తి గ్రానైట్ క్వారీల నుంచి చంద్రుడి మీద సొరంగాలు తొలవడానికి వచ్చారు. అందరూ రాయి పట్టుకున్నారు, నేను పెట్టె పట్టుకున్నాను. ఈ నలభై రోజులూ నావేనని పొద్దున్నుంచీ కాలు నిలవడం లేదు.

మా ఆవిడ వెంగమాంబ పుట్టగొడుగుల గదిలో పని దిగి వచ్చి, అంతా విని ఒకే ఒక్క మాట అడిగింది.

"ఈ నలభై రోజులు నేను అన్నం వండుకోవచ్చా, వండుకోకూడదా? అది చెప్పు చాలు."

చెప్పొద్దూ, ఆ ప్రశ్న నాకు బాగా నచ్చింది. ఇంట్లో ఎవరి పని వాళ్లకుండాలి.

రోజు 4

మొదటి సిస్టమ్ కంచుకోట. చుట్టపు చూపుగానే పెట్టాను. అంటే డ్రైవ్‌లో పెట్టి పెట్టెకి తగిలిస్తే సిస్టమ్ మెమరీలో కూర్చుని ఇల్లు నడుపుతుంది, డిస్క్ జోలికి పోదు. నచ్చకపోతే డ్రైవ్ పీకేయడమే, పాతది మళ్లీ లేస్తుంది. చుట్టం వచ్చింది, రెండు రోజులుంది, బీరువా ముట్టుకోకుండా వెళ్లింది, అంతే.

కంచుకోట భద్రతకి పెట్టింది పేరు. దీపం వెలిగించమంటే నువ్వెవరంటుంది. ఆర్పమంటే వెలిగించిందీ నువ్వేనా అంటుంది. ఈ పొద్దున వెంగమాంబ స్నానాల గదిలో ఉండగా తలుపు ఆమె తడి వేలిని గుర్తుపట్టలేదు. నేను వెళ్లి మూడు ప్రశ్నలకి జవాబు చెప్పేదాకా లోపలే ఉంది.

"ఇది ఇల్లా, జైలా? తీసి అవతల పారెయ్యి," అంది బయటికొస్తూనే.

నేను డ్రైవ్ పీకేశాను. పై అరలో "భద్రత ఎక్కువ, కుటుంబాలకి కుదరదు" అని రాశాను.

రోజు 9

తంగేడు. చూడ్డానికి ఎంతో బాగుంది. తెర నిండా పసుప్పచ్చ పూలు, మెత్తటి అక్షరాలు. ఎదురింటి సులోచన వచ్చి నోరు తెరుచుకుని చూసింది. ఆమెకి ఐదు నెలల కవల పిల్లలు. ఇద్దరినీ చెరో భుజాన వేసుకుని అరగంట నిలబడింది.

"ఎంత ముద్దుగా ఉందన్నా! మా ఇంటికి ఇదే పెట్టు."

పెట్టేవాణ్ణే. కానీ తంగేడు మా నీటి వడపోతని ప్రింటర్ అనుకుంది. కుళాయి తిప్పినప్పుడల్లా "కాగితం లేదు" అని చెప్పింది. రెండు రోజులు డ్రైవర్ కోసం వెతికాను, ఎవరూ రాయలేదు. అందం చూసుకుని మురిసిపోయేవాళ్లకి ఇలాంటి చాకిరీ పట్టదు.

రోజు 12

గువ్వ. ఇదీ సిస్టమంటే. చిన్నది, చురుకైనది, కరెంటు పొదుపు. పాతది గాలి ఫ్యాన్‌ని రాత్రింబవళ్లు తిప్పేది. గువ్వ అలా కాదు, వంటింటి సెన్సర్ గాలి పాడైందని చెప్పినప్పుడే తిప్పుతుంది. వడపోతని వడపోత అనే అంది. చుట్టపు చూపు ఒక్క పూటలో ముగించి డిస్క్‌లోకి ఎక్కించేశాను. సాయంత్రం సులోచన ఇంట్లో కూడా నేనే పెట్టాను.

గువ్వని నడిపించేది ఉత్తర అంచు బస్తీలో ఉండే మస్తాన్‌వలి. ఎవరు ఏ మార్పు పంపినా చదివి, నచ్చితే కలుపుకుంటాడు. కలిపిన మార్పు కింద పంపినవాళ్ల పేరుంటుంది. ఆ పేర్ల జాబితానే చేతుల పట్టీ అంటారు. పేరు ఎక్కడం ఊరికే కాదు. ఆ మార్పు ఏ ఇంట్లో తేడా చేసినా పిలుపు పేరున్నవాళ్లకే వస్తుంది. వెళ్లి సరిచేయాలి. చేతకాకపోతే ఎవరి చేతికి తెలుసో ఆ ఇంటివాళ్ల ఎదుట చెప్పాలి. పేరు లేనివాళ్లు ఆ పని ముట్టుకోకూడదు.

నెలకోసారి అన్నాల హాల్లో పట్టీ చదువుతారు. కొత్తగా పేరెక్కినవాళ్లకి ఆ రోజు మొదటి గరిటె వడ్డిస్తారు. మిగిలినవాళ్లు ఆ పళ్లెం వైపే చూస్తూ కూర్చుంటారు. పదకొండేళ్లుగా నేను ఆ చూసేవాళ్లలో ఉన్నాను. వేరే వేరే సిస్టమ్‌లకి పన్నెండు మార్పులు పంపాను, పన్నెండూ తిరిగొచ్చాయి. ఈ గువ్వకే రెండుసార్లు పంపాను. "శ్రమకి సంతోషం, అవసరం కనబడలేదు" అని మస్తాన్‌వలి రెండుసార్లూ ఒకే వాక్యం రాశాడు. మనిషన్నాక కనీసం మాట మార్చాలి కదా.

రోజు 15

అన్నం తింటూ వెంగమాంబ అంది.

"మీ గువ్వ ఆలస్యంగా ఊపిరి తీస్తందయ్యా."

"ఏంటి?"

"ఫ్యాను. నేను అన్నం వార్చేటప్పుడు దానికి చప్పుడుండదు. అంతా అయిపోయి, నాకు తలనొప్పొచ్చినాక తిరగతంది. పాతదానికి ఇట్టా లేదు."

సెన్సర్ ఉందని, లెక్క ప్రకారమే తిరుగుతుందని వివరంగా చెప్పాను. ఆమె విననట్టే పళ్లెం తీసుకుని లేచింది. తర్వాత చూస్తే పెట్టె ముందు నిలబడి రెండు వేళ్లతో ఏదో కొడుతోంది. గువ్వకి ఫిర్యాదు రాస్తోందట. నాకు నవ్వొచ్చింది. ఆమె రాసింది ఇది:

"అయ్యా, అన్నం ఉడికేటప్పుడు ఆవిరొస్తది. ఆవిరొస్తే మీ ఫ్యాను నిద్రపోతది. పొయ్యి గంట మోగి అరగంటైనా లేవదు. నేను మూడు రోజులు చూశాను. మీరు వంట చేస్తారా?"

సెన్సర్ రకం రాయలేదు, వెర్షన్ రాయలేదు. జవాబు రాదులే అనుకుని ఊరుకున్నాను.

రోజు 17

జవాబు వచ్చింది. రెండు పేజీలు.

"అమ్మా, నేను ఒంటరివాణ్ణి, హాల్లోనే తింటాను, వంట చేయను. మీరు చెప్పాక కెటిల్ పెట్టి చూశాను. సెన్సర్ తడిస్తే అరగంటసేపు గాలి బాగుందని అబద్ధం చెబుతోంది. నాలుగేళ్లలో ఇది ఎవరూ పట్టుకోలేదు. ఫలానా ఫైల్లో ఫలానా చోట చూడండి. మీరే ఎందుకు రాయకూడదు?" అంటూ ఆ లైన్లు ఎక్కడున్నాయో, ఎలా చదవాలో పిల్లలకి అక్షరాలు దిద్దించినట్టు రాశాడు.

నాకు పదకొండేళ్లలో వచ్చిన వాక్యాలన్నీ కలిపినా అంత పొడుగు లేవు.

కడుపు మండింది. దాచుకోవడం దేనికి, ఇది కింది అర. మూడు రోజులు ఫ్యాన్ చప్పుడు విన్నందుకు అంత మర్యాదా? నేను రాత్రంతా కూర్చుని కోడ్ రాసి పంపితే "అవసరం కనబడలేదు" అన్నవాడు, మా ఆవిడ "మీరు వంట చేస్తారా" అంటే కెటిల్ పెట్టుకుని కూర్చున్నాడు!

రోజు 21

ఇప్పుడు పని దిగి రాగానే వెంగమాంబ నా కుర్చీలో కూర్చుంటోంది. ఒకటి రెండుసార్లు దగ్గాను, లేవలేదు. చదివేటప్పుడు పెదాలు కదుపుతుంది. అర్థం కానిది ఉంటే నన్ను అడగదు, మస్తాన్‌వలికి రాస్తుంది.

"నన్నడగొచ్చు కదా," అన్నాను.

"నువ్వు చెప్పేటప్పుడు నీకే చెప్పుకుంటావయ్యా. ఆయన నాకు చెప్తాడు."

రోజంతా ఆ మాట మింగుడుపడలేదు. హాల్లో నీళ్లు పట్టుకుంటుంటే ఎవరో "వెంగమ్మ గువ్వ రాస్తోందంట గదా" అని నన్నే అడిగారు. ఏదో సరదాగా నేర్చుకుంటోందిలే అన్నాను. అలా తేలిగ్గా అన్నది సరదాకి కాదు. నాకంటే బాగా చేస్తోందేమోనన్న భయం అది. ఇంకొకరైతే పోటీ అనుకుని మరింత పట్టుదలగా పనిచేసేవాణ్ణి. పక్కన పడుకునే మనిషితో పోటీ ఎలా పడతారు?

రోజు 24

ఆమె మార్పు తయారైంది. ఆరు లైన్లు. చదివి వినిపించింది.

"వంటింటి సెన్సర్ తడిస్తే ఆ పూటంతా దాని మాట వినమాక, పడగ్గది సెన్సర్ని అడుగు. ఇది మూడు లైన్లు. రెండూ తడిస్తే ఎవుర్నీ అడగమాక, ఫ్యాను తిప్పతానే ఉండు. ఇది మూడు. సరిపోతందా?"

సరిపోతుంది. అంత సూటిగా నేను ఎప్పుడూ రాయలేదు. "పర్లేదు" అన్నాను.

ఉత్తరాలు ఎవరైనా రాయొచ్చు, కానీ పెట్టె తాళం నా వేలిముద్ర మీద ఉంది, మార్పు బయటికి పంపాలంటే నేనే పంపాలి. ఆమె డ్రైవ్ నా చేతిలో పెట్టి డ్యూటీకి వెళ్లిపోయింది. "పేరు" అన్న గడిలో ఏమీ రాయలేదు, నేను రాస్తాననుకుంది. గడి ఖాళీగా ఉంది.

నా పేరు రాశాను.

రాశాక ఒక్క అక్షరమైనా నాది ఉండాలనిపించింది. ఊరికే పేరు మార్చి పంపితే అది దొంగతనం, ఏదైనా సవరించి పంపితే ఇద్దరిదీ అవుతుందని నాకు నేను చెప్పుకున్నాను. చివరి మూడు లైన్లు అనవసరం అనిపించాయి. పడగ్గదిలో ఆవిరెక్కడిది? ఎవరైనా పడగ్గదిలో అన్నం వండుతారా? కొట్టేశాను. మార్పు ఇంకా సన్నగా, పొందికగా కనబడింది. పంపేశాను.

రోజు 26

మస్తాన్‌వలి దగ్గరనుంచి ఒక లైను. "మాలకొండయ్య గారూ, బాగుంది. ఇది ఎవరి చేతిది?"

ఫిర్యాదు మా ఆవిడది, మార్పు నాది అని రాశాను. గంటలో కలిపేశాడు. గువ్వ పెట్టుకున్న అరవై రెండు ఇళ్లకీ అప్‌డేట్ వెళ్లింది.

వెంగమాంబకి "కలిపారు" అని మాత్రం చెప్పాను. ఆమె నా ముఖంలోకి చూసి "మంచిది" అని, పుట్టగొడుగులు తరగడానికి కూర్చుంది.

రోజు 30

హాల్లో పట్టీ చదివారు. నా పేరు రెండోది. ముందు ఎవరిదో తంగేడు పూల రంగు సవరణ. మాలకొండయ్య అనగానే ఏడో వరసంతా బల్లలు చరిచింది. మొదటి గరిటె పప్పు నా పళ్లెంలో పడింది. పదకొండేళ్లుగా ఊహించుకున్న పప్పు అది, ఉప్పుందో లేదో కూడా తెలియలేదు.

ఆడవాళ్ల బల్ల దగ్గర వెంగమాంబ కూడా చప్పట్లు కొట్టింది. అందరికంటే ఆఖరున ఆపింది. ఆ చప్పట్లకి కూడా నాకు కోపమొచ్చింది. ఎలా కొట్టగలుగుతోంది? నేనైతే బల్ల కిందికి దూరి ఏడ్చేవాణ్ణి.

రోజు 33

పొద్దున టిఫిన్ అయ్యాక చేతి గడియారం మోగింది. పిలుపు. నా పేరున వచ్చిన మొదటి పిలుపు, ఎదురింటి నుంచే. నిజం చెప్పాలంటే ముందు ఛాతీ పొంగింది. చొక్కా మార్చుకుని మరీ వెళ్లాను.

తలుపు తీస్తే లోపల గాలి బరువుగా ఉంది. సులోచన మంచం పట్టె పట్టుకుని కూర్చుంది, కళ్లు నిలబడడం లేదు.

"తల పగిలిపోతందన్నా. పిల్లలు పాలకి కూడా లేవట్లా."

ఛాతీ సంగతి మర్చిపోయాను. ఇద్దరు పిల్లలనీ చంకలో పెట్టుకుని సొరంగంలోకి పరిగెత్తాను. అక్కడి గాలి పంచాయితీది, పెట్టెలతో పని లేదు. సులోచన గోడ పట్టుకుంటూ వచ్చి నా పక్కన కూలబడింది. పిల్లలు ఎంతసేపటికీ కదల్లేదు. ఒకడి అరికాలు గోకుతూ కూర్చున్నాను. వాడు ఏడ్చాడు. తర్వాత రెండోది ఏడ్చింది. అంత మంచి చప్పుడు నేను ఎన్నడూ వినలేదు.

ఈలోగా వరస వరసంతా పోగైంది. నేను లోపలికెళ్లి ఫ్యాన్‌ని చేత్తో తిప్పే మీట వేసి, పెట్టె ముందు కూర్చున్నాను. నా పేరు కింద ఉన్న మూడు లైన్లూ పదిసార్లు చదివాను. తప్పు కనబడలేదు. తప్పు కనబడాలంటే ముందు ఆ లైన్లు ఎందుకలా ఉన్నాయో తెలియాలి. నాకు పైపైనే తెలుసు.

వెంగమాంబ డ్యూటీ నుంచి పరుగున వచ్చింది. గడప దాటలేదు. దాటకూడదు కూడా, పిలుపు ఆమెది కాదు. బయటే నిలబడి పిల్లల ఒళ్లు తడిమి చూసింది, తర్వాత పడగ్గది వైపు మెడ చాచింది. తాడు మీద వరసగా పిల్లల గుడ్డలు ఆరేసి ఉన్నాయి. మా బట్టలన్నీ వరసకున్న ఉమ్మడి డ్రయ్యర్‌కి పోతాయి, పసిపిల్లల గుడ్డలు అంతదాకా ఆగవు. ఆ సంగతి నాకు తోచనే లేదు.

"తడి గుడ్డలుండాయి," అంది. "రెండు సెన్సర్లూ తడిశాయి. మరి ఫ్యాను ఎందుకు తిరగలా? తిరగాలి గదా?"

నేను తెర మీద మళ్లీ మొదటి లైనుకి వెళ్లాను.

"ఏమయ్యా, తిరగాలి గదా? ఆ మూడు లైన్లు యాడ?"

అందరూ వింటున్నారు. సులోచన ఏడుపు ఆపి చూస్తోంది. పాత లెక్కలోనే ఉంటే ఫ్యాన్ అరగంటకి లేచేది. నేను పంపినదాని ప్రకారం పూటంతా పడగ్గది మాట వింటూ నిద్రపోయింది.

"ఎన్నిళ్లకి పోయిందది?" అంది వెంగమాంబ.

"అరవై రెండు."

"వాళ్లలో ఎవురు షిఫ్టు దిగి పడుకొని ఉండారో, ఎవురు లోపల గుడ్డలు ఆరేశారో నీకు తెలుసా? చెప్పవయ్యా, నేను లోపలికి రావాలి."

ఆ ఒక్క మాట చెబితే చాలు, ఆమె వస్తుంది. నోరు తెరిచాను, మూసుకున్నాను. పిల్లల ఏడుపు వింటూ కూడా మూసుకున్నానంటే నేనెలాంటివాణ్ణో మీరే అనుకోండి. ఎంతసేపో కాదు, రెండు మూడు ఊపిర్లంత. కానీ మూసుకున్న మాట నిజం.

"ఇది నా చేతిది కాదు," అన్నాను సులోచనకి. "వెంగమాంబది. ఆమె రాసింది బాగానే ఉంది. నేను పేరు మార్చి, మూడు లైన్లు కొట్టేసి పంపాను. దానివల్లే ఇదంతా."

వెంగమాంబ చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. నేను కుర్చీలోంచి లేచాను. ఆమె రెండు వేళ్లతో మూడు లైన్లు కొట్టింది, మీట తీసేసినా ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. ముందు అరవై రెండు ఇళ్లకీ తలుపులు తెరవమని కబురు పెట్టింది. ఆ తర్వాత మస్తాన్‌వలికి రాసింది. నాలుగో వరసలో ఒక ముసలాయన్ని సొరంగంలోకి మోసుకొచ్చారట, మధ్యాహ్నానికి లేచి కూర్చుని కాఫీ అడిగాడు. ఇంకెవరికీ ఏమీ కాలేదు. కాకపోవడంలో నా గొప్పేమీ లేదు.

రోజు 34

పంచాయితీ తీర్పు వచ్చింది. ఏడాదిపాటు నా వేలిముద్రతో ఏదీ బయటికి పంపకూడదు. పట్టీలో నా పేరు తీసేసి వెంగమాంబ పేరు ఎక్కించారు. పెట్టె తాళం ఇంట్లో ఇంకొకరి వేలి మీదికి మారాలి. ఇంకొకరంటే ఒక్కరే ఉన్నారు.

సులోచన నాకు ఎదురుపడి పక్కకి తిరిగి వెళ్లింది.

ఇంట్లో వెంగమాంబ తిట్టలేదు. ఉల్లిపాయలు తరిగింది, పోపు వేసింది. చివరికి నేనే అడిగాను, తిట్టు తినేస్తే ఆకలైనా వేస్తుందేమోనని.

"పేరు సంగతి నీకు ఎప్పుడు తెలిసింది?"

"కలిపిన్నాడే. చేతుల పట్టీ అందురికీ కనపడతది గదయ్యా. మస్తాన్‌వలి గారు కూడా అడిగారు, ఇది మీది కాదామ్మా అని."

"ఏం చెప్పావు?"

"మా ఇంటిదే అన్నా."

నాకు తల కొట్టేసినట్టయింది. "మరి నన్నెందుకు నిలదీయలేదు?"

"పదకొండేళ్లు ఆ గరిటె కోసం చూశావు. ప్రతి నెలా నేను నీ మొహం చూడలా? ఒక్కసారి నీకొస్తే నాదేం పోయిందిలే అనుకున్నా." మంట తగ్గించింది. "పేరు చూసి ఊరుకున్నా. కింద లైన్లు చదవలా. చదివుంటే సులోచన పిల్లలు అట్టా పడుండేవాళ్లు కాదు. నాకు అదే రాత్రంతా నిద్ర పట్టనీలా. అది నా తప్పు."

తిట్టినా బాగుండేది. గరిటె తీసుకుని నెత్తిన ఒకటి వేసినా బాగుండేది. నేను దొంగిలించిన పేరు తన అంతట తానే నాకిచ్చేసి, నేను కొట్టేసిన లైన్లకి తను నిద్ర మానుకుని కూర్చుంది. తెలివి మీద అసూయ పడ్డాను, నేర్చుకుంటే ఎప్పటికైనా వస్తుందేమో. ఇది నేర్చుకునేది కూడా కాదు. ఇలాంటి మనిషి పక్కన ఇరవై రెండేళ్లు బతికి నాకు ఒక ముక్కయినా అంటకుండా ఎలా పోయింది? ఆమె మీద నాకు ఇంత కుళ్లు ఎప్పుడూ పుట్టలేదు. క్షమించమని అడిగాను. ఆమె విని, "అన్నం తిను" అంది.

రోజు 37

పై అరలో రాసింది: ఎంచుకున్న సిస్టమ్ గువ్వ. చూసినవి మూడు. పెట్టె తాళం వెంగమాంబ వేలి మీద. ఇంటి తరఫున ఇకనుంచి ఆమే రాస్తుంది, ఇష్టమైతే.

ఇష్టం లేదట. "రాసేదేదో నువ్వే రాయి, నాకు పనుంది" అంది.

సులోచన ఇంట్లో పడగ్గది తాడు తీసి తలుపు పక్కన కట్టి వచ్చాను. ఆమె కాదనలేదు, కాఫీ కూడా ఇవ్వలేదు.

రోజు 40

మూడో వరస నుంచి పిలుపు, వెంగమాంబ పేరున. వాళ్లింట్లో ఫ్యాన్ ఆగకుండా తిరుగుతోందట. అది పాత సొరంగం, దీపాలు సగం వెలగవు. ఆమె టార్చి వెతుకుతుంటే నేను తీసి పట్టుకున్నాను.

"నేనూ వస్తా."

"వచ్చి ఏం చేస్తావ్?"

"ఇది పట్టుకుంటా."

నన్ను ఎగాదిగా చూసింది. "సరే, రా. ఆడ నోరెత్తమాక."

దారిలో ఎదురైనవాళ్లంతా ఆమెనే పలకరించారు. మా ఇంటికీ ఒకసారి రా వెంగమ్మా, మా పాప కూడా నేర్చుకుంటానంటోంది, ఇట్లాంటివి. నా వైపు చూసినవాళ్లు టార్చి వైపు చూసినట్టే చూశారు. నేను ఒకడుగు వెనక నడిచాను.

ఆ ఇంట్లో ఆమె పెట్టె దగ్గరికి పోనే లేదు. వంటింట్లోకి, పడగ్గదిలోకి వెళ్లి నిలబడింది. తర్వాత గోడకి చెవి ఆనించి కళ్లు మూసుకుంది. నేనూ విన్నాను, నాకేమీ వినబడలేదు.

"ఫ్యాను తప్పేం లేదు," అంది. "ఈ రాయి ఎనకాల పైపు కారతంది. ఇల్లంతా తడే. అందుకే అది ఆగట్లా. ఈడ కొట్టి చూడండి."

కొట్టి చూశారు. రాయి వెనక నుంచి నీళ్లు వచ్చాయి. ఇంటాయన "అబ్బా, ఏం చెవమ్మా నీది!" అని ఆమెకి దణ్ణం పెట్టాడు. అదే క్షణాన నాకు మళ్లీ కడుపు మండింది, మామూలుగా కాదు.

"ఇంకాస్త ఎడంపక్కకి," అంది వెంగమాంబ, వెనక్కి తిరక్కుండానే.

టార్చి ఎడంపక్కకి జరిపి, కదలకుండా పట్టుకున్నాను.